ఆ నల్లని కళ్ళు

చిత్రకారుడు నికొలాయె తొనిత్సా బొమ్మల్లోని పిల్లల కళ్ళు నన్ను వదలవు. గుండ్రంగా, నేరేడుపళ్ళలా నల్లగా ఉంటాయి. ముక్కూ నోరూ రెండు గీతల్లో తేల్చేసి, కళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం కుంచె అక్కడే నిలబడిపోయినట్టు ఉంటుంది.

రొమేనియాలోని బర్లాద్‌లో 1886లో పుట్టాడు. యాష్‌లోనూ మ్యూనిక్‌లోనూ చిత్రకళ నేర్చాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో తుర్తుకాయా పోరులో పట్టుబడి బల్గేరియాలో బందీగా గడిపాడు. తిరిగొచ్చాక రొట్టె కోసం బారులు తీరిన పేదల్ని గీశాడు. సొంత పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసిందీ ఆ చేతులే.

నాన్న గీసిన బొమ్మలు గదా, ముద్దు ఒలికిపోతుంటుందని అనుకుంటాం. కానీ ఆ పిల్లలు చాలాసార్లు నవ్వరు. వెనక రంగులేమో పండగలా వెలుగుతుంటాయి, ముఖంలో మాత్రం ఏదో చిన్న దిగులు. నవ్వమని వాళ్ళను ఆయన బతిమాలలేదనిపిస్తుంది. బిడ్డ మౌనాన్ని అలా చెదరగొట్టకుండా చూడటం ఎంత కష్టమో కన్నవాళ్ళకు తెలుసు. నేనెరిగిన చిత్రకారుల్లో పిల్లల్ని ఇంత గౌరవంగా చూసినవాళ్ళు తక్కువ.

1940 ఫిబ్రవరిలో, 53 ఏళ్ళకే, బుకారెస్ట్‌లో ఆయన కన్నుమూశాడు.