ఫైబరు రాని పల్లెలో అంతర్జాలం



ఫైబరు తీగ రాని ఊరిలో ఇంటికి అంతర్జాలం ఎట్లా తెచ్చుకున్నారని సరిహద్దు పల్లెల్లో తెలుగు చెప్పే తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పడం కంటె ఇక్కడ వ్రాయడమే మేలని తోచింది. నేను తెలుగు పంతులునే గాని విద్యుత్తు చదువు చదివినవాడను కాను. అనుభవానికి వచ్చినంత మాత్రమే వ్రాస్తున్నాను.

మాది హోసూరు నుండి డెంకణికోటకు పోయే దారిలో, రహదారి విడిచి నాలుగు కిలోమీటర్లు లోపలికి వచ్చిన పల్లె. చుట్టూ రాగి చేలు, పడమట ఒక గుట్ట. ఫైబరు రహదారి దగ్గరే నిలిచిపోయింది. పది ఇండ్లవారు కుదిరితే లోపలికి లాగుతామన్నారు. ఏడు ఇండ్లవారే కుదిరారు. అంతటితో ఆ మాట ముగిసింది. అంతకు ముందు, 2005 తరువాత రాగి తీగల మీద బ్రాడ్‌బ్యాండు వచ్చిన రోజుల్లోనూ ఇదే కథ. ఆ సంకేతం ఎక్స్ఛేంజి నుండి నాలుగైదు కిలోమీటర్లు దాటేసరికి నీరసించిపోతుంది, మా ఇల్లు అంతకంటె దూరం. బెంగళూరు ఇంత దగ్గర ఉండి ఏమి లాభమని నవ్వుకునేవాళ్ళం.

మాకు అంతర్జాలంతో అంత పని ఏమని అడుగుతారేమో. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున అది పైకి ప్రాకి 2016లో పదవ తరగతి పరీక్షను చేరింది. తెలుగు ప్రక్కకు జరిగింది. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకొనుటకు పుస్తకం దొరకదు. ఊరిలో తెలుగు పత్రిక అమ్మే అంగడి లేదు. మాకు మిగిలిన గ్రంథాలయం అంతర్జాలమే. ఆర్కైవ్ వారి గూటిలో పాత తెలుగు పుస్తకాలు, వికీసోర్సు, ఆంధ్రభారతి నిఘంటువులు, అన్నీ అక్కడే ఉన్నవి. 2020లో బడులు మూతపడినప్పుడు ఈ కొరత నడినెత్తికి వచ్చింది. పాఠం చదివి ఫోనులో నింపి పంపబోతే సగంలో నిలిచిపోయేది. మేడ మీద నీళ్ళ తొట్టి ప్రక్కన ఒక మూల నిలబడితే మాత్రం పోయేది. ఆ యేడు వర్షాకాలమంతా గొడుగు పట్టుకొని ఆ మూలనే నిలబడ్డాను.

ఆ మూలే నాకు దారి చూపింది. అక్కడ సంకేతం ఉన్నప్పుడు ఇంట్లోకి ఎందుకు రాదు?

మొదట చేయవలసినది కొనడం కాదు, కొలవడం. ఫోనులో సంకేత బలాన్ని చూపే ఉచిత ఆప్‌లు ఉన్నవి. అంకె ఋణసంఖ్యగా ఉంటుంది, సున్నకు ఎంత దగ్గరైతే అంత మేలు. మా నట్టింట్లో –118, మేడ మూలన –101. మూడు సంస్థల సిమ్ములు ఇరుగుపొరుగుల నుండి అడిగి తెచ్చి, ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, వారం రోజులు పలకల పుస్తకంలో వ్రాసుకున్నాను. రాత్రి కొలత తప్పక తీసుకోండి. ఊరంతా సినిమాలు చూసే వేళ టవరు మీద బరువు పడుతుంది, పగటి వేగాన్ని నమ్మి సిమ్ము కొంటే మోసపోతారు. తరంగాలలోనూ తేడా ఉన్నది. 850, 900 మెగాహెర్ట్జులవి దూరం పోతాయి, చెట్లను గోడలను కొంత ఓర్చుకుంటాయి. 2300వి ఎక్కువ సమాచారం మోస్తాయి గాని గుట్ట అడ్డం వస్తే అలిసిపోతాయి.

తరువాత బయటి ఆంటెన్నా తగిలించే రంధ్రాలున్న 4జి రౌటరు ఒకటి, ఒకే దిక్కుకు చూసే ఆంటెన్నా ఒకటి కొన్నాను. రెండింటికీ కలిపి ఏడు వేలు అయింది. రంధ్రాలు లేని రౌటరు కొన్నవారు తరువాత విచారించడం చూశాను. పాత దూరదర్శన్ ఆంటెన్నా గొట్టం మేడ మీద ఇంకా ఉన్నది, దానికే కట్టించాను. తీగ పొడుగైతే దారిలోనే బలం తరిగిపోతుంది. అందుకని రౌటరును మేడమెట్ల గదిలో పెట్టి, అక్కడి నుండి నట్టింటికి మామూలు ఈథర్నెట్ తీగ లాగాము. ఉరుములు మొదలైతే ఆంటెన్నా తీగ ఊడదీయడం మా ఇంటి ఆచారం అయింది.

వేగం సెకనుకు 2 మెగాబిట్ల నుండి 16కు వచ్చింది, రాత్రివేళ 7. ఎనిమిది బిట్లు ఒక బైటు. మన ఛందస్సులో గణమని అనుకోండి. 40 మెగాబైట్ల పుస్తకం దింపడానికి మునుపు 160 సెకన్లు, అదీ మధ్యలో తెగకుంటే. ఇప్పుడు 20 సెకన్లు. మీ ఊరికి 5జి టవరు దగ్గరగా ఉంటే 2023 నుండి వచ్చిన ఎయిర్‌ఫైబరు సేవలను ముందు విచారించండి, ఇంత శ్రమ ఉండదు. మా గుట్ట వెనుకకు అది అందలేదు.

ఆంటెన్నా కట్టినవాడు మా వీధి కుర్రవాడే, కేబులు పని చేస్తాడు. 2006లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ, అంటే కొత్త చట్టం క్రిందికి వచ్చిన మొదటి జట్టు. గొట్టం పట్టుకొని వాడు అంగుళం అంగుళం త్రిప్పుతుంటే, క్రింద నేను అంకెలు చదివాను. "ఇంకొంచెం తూర్పుకు" అంటే "ఆయిందా అయ్యవారూ?" అని పైనుండి కేక. –92 దగ్గర నిలిపాము. పరీక్షకని పిల్లల బొమ్మల వాచకం ఒకటి దింపాను. దిగివచ్చి, చేతులు తుడుచుకుంటూ తెరవైపు చూశాడు. బొమ్మను చూసి "ఉడత" అన్నాడు. క్రిందనున్న అక్షరాలు చదవలేదు. కాసేపు నిలబడి, "ఇది నా ఫోనుకు పంపుతారా? పాపకు మూడో ఏడు నడుస్తోంది" అన్నాడు.

పంపాను. మూడు సెకన్లు పట్టింది.