కలుపు తీసుడు ఇష్టమా, చేను చూసుడు ఇష్టమా?

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి వదిలి లోపలికి మళ్లితే, వనపర్తి జిల్లాలో పెద్దమందడి వస్తుంది. కోటలూ జలపాతాలూ చూద్దామని వచ్చే ఊరు కాదు. కార్తీకంలో వెళ్తే మాత్రం చెలకల్లో పల్లి చేలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. 2016లో కొత్త జిల్లా అయ్యేదాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలోదే. డ్యాములూ కాలువలూ కట్టడానికి దేశమంతా తిరిగిన ‘పాలమూరు లేబర్’ పుట్టిన నేల.

మా పెద్దనాయనది ఈ ఊరే. వయసులో ఉండగా ఆయనా మట్టిపనికి వలసపోయినవాడే. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాక, అది మానేసి ఇక్కడ సేద్యం చేద్దామా అన్న ఆలోచనతో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. రాజీనామా మెయిల్ రాసి పెట్టుకున్నా, పంపడమే తరువాయి.

సంగతి చెప్తే పెద్దనాయన నవ్వలేదు, వద్దనీ అనలేదు. ఒక్కటే అడిగిండు: “కలుపు తీసుడు ఇష్టమా బిడ్డా, చేను చూసుడు ఇష్టమా?”

రెండు రోజులు కలుపు తీశాను. మూడో రోజు నడుం వంగక ఇంట్లోనే ఉండి, గూట్లో ఉన్న ఆయన లెక్కల పుస్తకాలు తెరిచాను. విత్తనం, కూలీలు, మందులు, వనపర్తి మార్కెట్ యార్డులో పలికిన ధర... పదకొండేళ్ల లెక్క. అన్నానికి పిలిచేదాకా టైమే తెలియలేదు. ఏ ఏడు ఎందుకు మిగల్లేదో కాగితం మీద గీసి చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఇది ముందే తెలిస్తే ఇంకో నెల ఆగి అమ్ముదును గదా” అన్నాడు. ఆఫీసులో నేను చేసేదీ ఇలాంటి పనే. కాకపోతే అది ఎవరికి పనికొస్తుందో ఆ మనిషి ముఖం ఎన్నడూ చూడలేదు.

ఈ ప్రాంతంవారే సురవరం ప్రతాపరెడ్డి. 1896లో పుట్టారు. సొంతూరు గద్వాల వైపు ఇటిక్యాలపాడు. చదివింది లా. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. అంత పని ఆయనకు ఒంటరిగా కూర్చుని వెతుక్కుంటే దొరికిందనుకోను. ఒక మాట గుచ్చుకుంది, దానికి జవాబే పనైంది.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. మీరు కలగంటున్న పనిలో నడుం నొప్పెట్టే భాగాన్ని ముందు నాలుగు రోజులు చేసి చూడండి. అప్పుడు తేల్చుకోండి.

నేను కోడింగ్ మానట్లేదు. రైతుల లెక్కలకు పనికొచ్చే ఉద్యోగం వెతుకుతున్నా. జీతం తగ్గొచ్చు, ఇంట్లో ఆ మాట ఇంకా చెప్పాలి.

బస్సెక్కేముందు పెద్దనాయన్ని అడిగాను, వయసులో ఉన్నప్పుడు నీకేం పని ఇష్టముండెనని.

“ఆ మాట అడిగినోడే లేడు బిడ్డా” అన్నాడు.