కొసరు ఆర్డరు

కూరగాయల బజారులో తూకం అయిపోయాక "ఇంకో రెండు పచ్చిమిరపకాయలు వెయ్యవోయ్" అనని గృహస్థు మన తెలుగునాట ఉంటాడని నేననుకోను. అసలు కంటే కొసరు ముద్దు కదా! అమ్మేవాడు కూడా ఆ రెండు కాయలనూ ముందే లెక్కలో వేసుకుని ధర చెబుతాడు. కనుక ఇద్దరికీ పేచీ లేదు. కొసరు పెరిగి పెరిగి అసలంత అయినప్పుడే వస్తుంది తంటా.

తెనాలిలో మా వదినగారు ఆరేళ్లుగా ఆవకాయ పెట్టి అమ్ముతున్నారు. హైదరాబాదులో ఒక దుకాణంవారితో కాగితం రాసుకున్నారు: వేసవికి 200 కిలోలు, కిలో 400 రూపాయలు. నిరుడు జూన్ రెండో వారంలో డబ్బాలకు మూతలు బిగిస్తుండగా ఫోనులో కబురు వచ్చింది: "350 కిలోలు పంపండి. పాత రేటే." అంతే. 'దయచేసి' అన్న మాటైనా లేదు.

మా అన్నయ్య సంబరపడిపోయాడు. కాని ఆవకాయ పెట్టే ఇల్లాలిని అడగండి, జూన్ అంటే ఏమిటో చెబుతుంది. తొలకరి పడ్డాక కాయ మెత్తబడుతుంది, పులుపు తగ్గుతుంది. అటువంటి ముక్క జాడీలో నాలుగు కాలాలపాటు నిలవదు. గట్టి కాయ ఎక్కడో దొరికినా ఏప్రిల్ ధరకు దొరకదు.

"ఇంట్లో ఇంకో 180 కిలోలు ఉందిగా, అందులోంచి తీసి పంపేద్దాం. ఎక్కువైనదానికి బిల్లులో 460 వేస్తే సరి" అన్నాడు అన్నయ్య.

ఆ 180 కిలోలూ ఏటా వాడుకగా కొనే ఇళ్లవాళ్లకోసం పెట్టింది. వాళ్లతో కాగితం లేదు, సంతకం లేదు. "జాడీలు కడిగి ఎండబెట్టుకుని కూర్చున్నారండీ వాళ్లు" అన్నారు వదినగారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు తెలుగు ఎమ్మేవి కదటయ్యా, ఓ ఉత్తరం ముక్క రాసిపెట్టు" అన్నారు.

తెలుగు సరే, చట్టం సంగతో? మా కాలేజీలో కామర్సు చెప్పే మిత్రుడికి ఫోను చేశాను. 200కు ఒప్పుకున్న తర్వాత 350 అడిగితే, పైన 150 కొత్త ప్రతిపాదనేనట. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, మన ధర మనం చెప్పవచ్చు. ఇది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోంచి వచ్చేదే. అసలు చురక 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 37వ సెక్షనులో ఉంది. ఒప్పుకున్నదానికి మించి సరుకు పంపితే, కొనేవాడు ఒప్పుకున్నంత ఉంచుకుని తక్కింది వద్దనవచ్చు, మొత్తమే వద్దనవచ్చు, మొత్తం ఉంచుకున్నాడా, వేరే ఒప్పందమేదీ లేకపోతే, పాత ధరకే లెక్క! అన్నయ్య గారి 460 బిల్లు మీదే మిగిలిపోయేదన్నమాట. సరుకు కదలక ముందే ధర తేలాలి.

ఉత్తరంలో నేను పెట్టిన రెండు సమాసాలను వదినగారు నిర్దాక్షిణ్యంగా కొట్టేశారు. మిగిలింది ఇది: "200 కిలోలు ఈ రోజే లారీకి వేస్తున్నాము. తక్కినది మన ఒప్పందంలో లేదు. నూజివీడు వైపు వాన పడని తోటల్లో ఇంకా గట్టి కాయ ఉన్నది. 60 కిలోలు పెట్టగలము, కిలో 460. సరేనని రాస్తేనే కాయ కొంటాము."

సాయంత్రానికి జవాబు లేదు. ఆ దుకాణం పోతే ఏటా 80,000 రూపాయల బేరం పోయినట్టే. రాత్రి వదినగారు రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగడం నేను చూశాను. అన్నయ్య ఏమీ అనలేదు గాని, అనకపోవడంలోనే చాలా అన్నాడు.

మర్నాడు పదిగంటలకు వచ్చింది జవాబు: "60 చాలు. 440 ఇస్తాము." 450 దగ్గర తెగింది. వాడుక ఇళ్ల జాడీలూ నిండాయి.

ప్రభుత్వ శాఖలు పెద్ద టెండర్లలో ఆర్డరును ఇంత శాతం వరకు పెంచుకునే హక్కును ముందే రాసుకుంటాయట. ఆ మాట విన్నాక వదినగారు ఈ ఏడు కాగితంలో ఒక వాక్యం చేర్పించారు: పైన 20 కిలోల వరకు అదే ధర, అంతకు మించితే ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పాలి, ఆనాటి కాయ ధరను బట్టి లెక్క. దుకాణంవారు సంతకం పెట్టబోతూ, ఆ 20ని 30 చెయ్యరాదా అన్నారు. వదినగారు 25కు ఒప్పుకున్నారు.