రెండు కంప్రెసర్లు

కాలేజీ నాటకానికి బోరుబండి శబ్దం కావాలన్నారు. నా దగ్గర ఉంది. పత్తికొండ తట్టు మా చేనులో మూడో బోరు వేయించిన రాత్రి ఫోనులో పట్టినది. తెల్లవార్లూ దుమ్ము లేచిందే గాని తడి తగల్లేదు.

అందులో బండి మీది కంప్రెసర్ కీచు తప్ప ఏమీ వినపడదు. దాన్ని అణచడానికి కంప్యూటరులో మరో కంప్రెసర్ వెదకవలసి వచ్చింది! మామూలుది గోలతో పాటు మాటనూ నొక్కుతుంది. స్పెక్ట్రల్ రకమైతే, 1822లో ఫోరియర్ చూపిన దారిలో, శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసి, హద్దు మీరిన వాటినే తగ్గిస్తుంది. ఫిన్లండ్ వాళ్ల సూథ్2 డబ్బు పెట్టి కొనాలి. రాబర్ట్ వాన్ డెర్ హెల్మ్ చేసిన స్పెక్ట్రల్ కంప్రెసర్ ఉచితం. బోరు అప్పు ఇంకా తీరని ఇంట్లో ఎంపిక ఎంతసేపు?

ఉచితందాన్ని బాగా బిగించినాను. అన్ని పౌనఃపున్యాలూ సర్దుకుని ఒకటే హోరు అయింది. నాయనకు వినిపిస్తే, “ఇది బోరు కాదప్పా, వాన” అన్నాడు. నవ్వబోయి ఆగినాను.

పట్టు వదులు చేసినాను. శబ్దాన్ని తుంచే ముక్కల నిడివీ తగ్గించినాను. నిడివి పెద్దదైతే స్వరాలు బాగా విడతాయి గాని సుత్తి దెబ్బలు అలుక్కుపోతాయి. కీచు కొంత మిగిలింది. దాని కింద నుండి అంతవరకు వినపడని మాట ఒకటి లేచింది: “చాల్లేప్పా, బండి ఆపండి.” నాయన గొంతే.

సూథ్2 అయితే ఇంకా నునుపుగా వచ్చేదేమో. నాటకానికి శబ్దం ఇచ్చినాను. ఆ మాట మాత్రం కత్తిరించి ఉంచుకున్నాను. అది మా ఇంటిది.