సిద్ధేశ్వరం కొండలో ఒక రాత్రి

వెలిగొండల్లో ఒక రాత్రి గడపాలంటే మా అనంతసాగరం వాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి రెండే చోట్లు. ఒకటి రాపూరు వైపు పెంచలకోన, రెండోది ఉదయగిరి దాటి సీతారాంపురం అడవుల్లో ఉండే ఘటిక సిద్ధేశ్వరం. పెంచలకోనలో గదులున్నాయి, అంగళ్లున్నాయి, ఎప్పుడూ జనం. పొద్దుగూకాక కొండా మనమూ తప్ప ఇంకేమీ లేని చోటు కావాలనుకుని, నేనూ మా బావా సిద్ధేశ్వరానికే సిద్ధమయ్యాం.

ఏ నెలలో పోవాలన్నది తేల్చుకుంటే సగం పని అయినట్టే. మా జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం పడుతుందో, ఏ వాగు పొంగుతుందో ఎవరూ చెప్పలేరు. కార్తీకంలో, శివరాత్రికి జనం విరగబడతారు. ఎండాకాలం ఈ రాళ్లు రాత్రిళ్లు కూడా సెగ కక్కుతాయి. సంక్రాంతి వెళ్లి శివరాత్రి ఇంకా రాని రోజులే మేలు. చలి ఉంటుంది గానీ దుప్పటికి లొంగే చలే.

సంచిలో ఏమేం పెట్టుకోవాలో మా మేనమామ చెప్పాడు. అవధూత కాశినాయన పేరున నడిచే ఆశ్రమాలన్నీ తిరిగిన మనిషి ఆయన. "చాప, దుప్పటి, టార్చిలైటు, నీళ్లు. తిండి మోయబాకండ్రా, దాని బదులు బియ్యం మోయండి" అన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు: ఎట్లైనా పొద్దు ఉండగానే చేరాలని. ఇది ఎర్రచందనం పెరిగే అడవి. చీకట్లో మూటలతో కనబడితే ఫారెస్టోళ్లు ఆపి అడుగుతారు, అడగాలి కూడా. పాముల భయం సరేసరి.

ఆత్మకూరులో బస్సు మారి ఉదయగిరిలో దిగాం. ఊరి నెత్తిన దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి ఏడాదికి పైగా కాచుకుని 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇదే. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ కొండను కింద నుంచి చూస్తే చాలు, అన్ని నెలలు ఎందుకు పట్టిందో తెలిసిపోతుంది. ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద ఒకామె కొయ్య గరిటెను గరుకు కాగితంతో రుద్దుతోంది. నాలుగు రుద్దులకోసారి బొటనవేలితో అంచు తడిమి చూసుకుంటోంది. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది నిజమే. వాటి నునుపంతా ఆ బొటనవేలిదే.

సీతారాంపురం దాటాక ఊళ్లు పలచబడి అడవి మొదలైంది. పొద్దు వాలకముందే గుడి చేరాం. సిద్ధేశ్వరుణ్ణి, ఇష్టకామేశ్వరిని దర్శించుకుని అక్కడి కాశినాయన ఆశ్రమానికి వెళ్లాం. అక్కడి పెద్దాయన మా పేర్లు అడిగాడు, ఊరడిగాడు. కులం అడగలేదు, డబ్బు అడగలేదు. శ్రీశైలం పోతే కులానికొక సత్రం కనబడుతుంది. ఇక్కడ అందరికీ ఒకటే పంక్తి. దీని వెనక ఉన్నది అవధూత కాశినాయన. ఈ సీతారాంపురం వైపే పుట్టి, పాడుబడ్డ గుళ్లను బాగుచేయిస్తూ, వచ్చినవాడికల్లా అన్నం పెట్టిస్తూ తిరిగి, 1995లో జ్యోతి క్షేత్రంలో సమాధి అయ్యారు. కడప జిల్లాలో ఆయన పేరున మండలమే ఉంది.

రాత్రి భోజనంలో అన్నం, పప్పు, మజ్జిగ. ఆకులో అన్నం చూసి ఆశ్చర్యపోయాను. ఒక మెతుకు సన్నంగా ఉంది, పక్కది లావుగా ఉంది. ఒకటి మెత్తబడింది, ఇంకొకటి పలుకుగా ఉంది. వడ్డించే ముసలాయన "ఇంకాస్త పెట్టించుకో నాయనా, రేపు కొండ దిగాల గదా" అన్నాడు. సంగతి తెల్లారి తెలిసింది. మా మూట విప్పి వంటశాలలో రాశి మీద పోస్తుంటే, మా చెరువు కింద పండిన సన్నాలు అప్పటికే ఉన్న ఎవరెవరి బియ్యంలోనో కలిసిపోయాయి. ఆ రాత్రి మేము తిన్నది ఎన్ని ఊళ్ల పంటో!

కొండల్లో తిరిగేవాళ్లకు తిండీ పడకా ఇచ్చే ఇలాంటి బసలు ఆల్ప్స్‌లోనూ ఉన్నాయి, స్విస్ పర్వతారోహకుల సంఘం 1863 నుంచి నడుపుతోంది. ఇప్పుడు నూట యాభై దాకా ఉన్నాయట. ముందే చోటు చెప్పి ఉంచుకోవాలి, తిండికీ పడకకూ డబ్బు కట్టాలి. గొప్ప ఏర్పాటే. కానీ చేతిలో పైసా లేని వాడు కూడా కొండ మీద కడుపు నింపుకుని పడుకోగలిగే ఏర్పాటు నాకు అంతకన్నా గొప్పది. మనకు ట్రెక్కింగ్ గుడిసెలు లేవని బాధపడే కుర్రాళ్లు ఒకసారి ఇక్కడికి రావాలి.

ఆ రాత్రి భోజనమయ్యాక మంటపంలో చాప పరుచుకుని పడుకున్నాం. అర్ధరాత్రి చలికి మెలకువ వస్తే ఆకాశం నిండా చుక్కలు. అనంతసాగరంలో దీపాల వెలుగుకు ఇన్ని కనబడవు.

మీరూ వెళ్తే, పదిమందికి మించి ఉంటే ముందుగా కబురు పెట్టండి, వంటవాళ్లు ఎసరు పెంచుకుంటారు. ఎండుగడ్డి ఉన్న చోట నిప్పు రాజేయకండి. ప్లాస్టిక్ సీసాలు తెచ్చినవాళ్లే తిరిగి పట్టుకుపోండి. తలకు ఒక కేజీ చొప్పున బియ్యం మాత్రం మరవకండి.