తంజావూరులో రెండు రోజులు

మా పెళ్ళయి 23 ఏళ్ళు. ఇన్నేళ్ళలో మేమిద్దరమే కలిసి ఎక్కడికి వెళ్ళామా అని లెక్కేసుకుంటే ఆసుపత్రులు, పెళ్ళిళ్ళు, పరామర్శలు తప్ప ఇంకేమీ తేలలేదు. తిరుపతి వెళ్ళినా అత్తయ్యగారో, ఆడపడుచు పిల్లలో వెంట ఉండేవాళ్ళు. మొన్న జూన్‌లో మా చిన్నవాడు కూడా హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో కుక్కర్ విజిల్, టీవీ తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. "చారులో ఉప్పు సరిపోయిందా అండీ?" "ఆఁ." అక్కడితో ఆ రోజుకి మా కబుర్లు సరి.

అందుకే ఆగస్టులో చెన్నైలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, "ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, తంజావూరు చూసి పోదామండీ" అన్నాను. "ఏముంది అక్కడ, గుడేగా?" అన్నారు మావారు. అన్నారే గానీ టికెట్లు తీశారు. ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తంజావూరులో ఉన్నాం.

పెద్ద గుడికి పొద్దున్నే వెళ్ళాం. మీరూ అలాగే వెళ్ళండి. ఎండెక్కితే ఆ రాతి నేల మీద అడుగు వెయ్యలేం, పైగా మధ్యాహ్నం గుడి మూసేస్తారు. రాజరాజ చోళుడు 1010 నాటికి పూర్తి చేయించిన బృహదీశ్వరాలయం అది. గర్భగుడి మీది విమానం 200 అడుగులు దాటి ఉంటుంది. మా వైపు గుళ్ళలో గోపురాన్ని చూసి తలెత్తే అలవాటు కదా, ఇక్కడ గోపురం చిన్నది, లోపలి విమానమే ఆకాశమంత. దాని నీడ నేల మీద పడదని ఎవరో చెప్పారట, మావారు అదే పనిగా చుట్టూ తిరిగి వచ్చి, "ఇదిగో నీడ, శుభ్రంగా పడుతోంది" అని తేల్చేశారు. ఆఫీసులో లెక్కలు సరిచూసే మనిషి మరి!

నన్ను పట్టుకున్నది నీడ కాదు, గోడలు. వాటి నిండా తమిళ శాసనాలు. ఆ గుడిలో నాట్యం చెయ్యడానికి ఊళ్ళ నుంచి తెచ్చిన 400 మంది ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళకిచ్చిన ఇళ్ళు ఏ వీధిలో ఉన్నాయో వరసగా చెక్కించాడు రాజు. రాజుగారి అక్క కుందవై ఇచ్చిన కానుకల జాబితా కూడా ఉంది. వెయ్యేళ్ళ కింద పనిచేసిన ఆడవాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి. మా అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయటికొచ్చి తంజావూరు బొమ్మ ఒకటి కొన్నాం. తల ఊపుతుందే, అదే. "నీలాగే ఉంది, అన్నిటికీ ఊఁ అంటుంది" అన్నారు మావారు నవ్వుతూ. నేను నవ్వలేదు. హోటల్‌కి వచ్చి కాఫీ తాగేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూడా చిన్నవాడు ఫోన్ చేస్తే వాడితోనే మాట్లాడాం, వంతులవారీగా.

సాయంత్రం కోటకి వెళ్ళాం. నాయకరాజులు కట్టిస్తే, తర్వాత వచ్చిన మరాఠా రాజులు పెంచారు. అందులోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. రెండవ శరభోజి దాన్ని ఎంతో పెంచాడు. ప్రదర్శనశాలలో అద్దం వెనక తాటాకులు పెట్టారు. ఒకదాని ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. తెలుగు! తమిళదేశం నడిబొడ్డున, గీసినట్టున్న సన్నటి తెలుగు అక్షరాలు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, అందుకని కూడబలుక్కుంటూ చదివాను.

వెనక నుంచి మావారు, "నీకు వస్తుందా ఇది?" అన్నారు.

"బీఏలో చదువుకున్నానండీ. దక్షిణాంధ్ర యుగమని ఒక పేపరంతా ఇదే."

"ఏముంటుంది అందులో?"

పెళ్ళయ్యాక మొదటిసారి నా చదువు గురించి ఒకరు అడిగారు. ఇక ఆగలేదు నేను. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగులో కావ్యాలు రాశాడని, ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ "మన్నారుదాస విలాసం" రాసిందని, ఆ తర్వాత మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని "రాధికా సాంత్వనం" రాసిందని చెప్పుకుంటూ పోయాను. ఆవిడ పుస్తకాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చువేయిస్తే, అసభ్యమని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. మావారు ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

మర్నాడు తిరువయ్యారు వెళ్దామన్నది ఆయనే. తంజావూరుకి 13 కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళాం. కావేరి నిండుగా ఉంది. ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. 1847లో ఆయన పోయాక ఆలనా పాలనా లేకుండా పోయిన ఆ చోట, తన సొమ్ముతో గుడి కట్టించింది ఆ నాగరత్నమ్మే. ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదంటే, ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరే ఆరాధన జరిపింది. 1952లో ఆవిడ పోయారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామివారికి ఎదురుగా.

మెట్ల మీద కూచున్నాం. చాలాసేపటికి మావారు, "ఇన్ని తెలుసని నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నారు.

"మీరెప్పుడు అడిగారు కనక?"

కోపంగా అనలేదు. ఉన్నమాటే అన్నాను. ఆయన నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. కాసేపయ్యాక, "వాడు వెళ్ళాక నాకూ ఏం మాట్లాడాలో తోచట్లేదే. ఏదో ఒకటి చెబుతూ ఉండు" అన్నారు. 23 ఏళ్ళలో ఆయన నోట అలాంటి మాట వినడం అదే మొదలు. మౌనం నా ఒక్కదానికే బరువనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంటికొచ్చిన వారానికి ఆయనే వెతికి "రాధికా సాంత్వనం" తెప్పించారు. రాత్రి భోజనాలయ్యాక రోజుకో పద్యం. ఆయన తప్పుల తడకగా చదువుతారు, నేను అర్థం చెప్పాలి. అది పచ్చి శృంగార కావ్యమన్న సంగతి మావారికి ముందు తెలీదు. కొన్ని పద్యాలు వచ్చినప్పుడు, "దీనికి రేపు చెబుతాను లెండి" అని వంటింట్లోకి పారిపోతున్నాను.