ఆబిడ్స్ ఆదివారం: సెలవుల సంచిలోకి కొన్ని పుస్తకాలు

హైదరాబాదులోని ఆబిడ్స్ కూడలి వారంలో ఆరు రోజులు బట్టలకు, చెప్పులకు, గడియారాలకు బజారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం నడిపినందున ఈ ప్రాంతానికి ఆ పేరు నిలిచిందని చెబుతారు. ఆదివారం నాడు పెద్ద దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. దించిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పట్టాలు పరుచుకొని పాత పుస్తకాలవారు కూర్చుంటారు. ఇంజనీరింగు పుస్తకాల పక్కన పిల్లల బొమ్మల పుస్తకాలు, ఇంగ్లీషు నవలల గుట్ట వెనుక అట్ట చిరిగిన ఉర్దూ సంపుటాలు, వాటి కింద ఎవరి ఇంటి బీరువాలో నుంచో వచ్చిన తెలుగు కథలు. కొన్నింటి మొదటి పుటలో పాత సంతకమో, కానుకగా ఇచ్చిన తేదీయో కనిపిస్తుంది. వంగి ఒక్కొక్కటే తీసి చూస్తూ నడిస్తే ఆబిడ్స్ నుంచి కోఠి వైపు వెళ్లే కొద్ది దూరానికే ఒక పూట పడుతుంది.

వేసవి సెలవులకు ఊరు ప్రయాణమయ్యే కుటుంబాలు ఒక్కసారి నడవదగిన బాట ఇది. నెల్లూరులోని నానీ ఇంటికో, కర్నూలులోని దాదీ ఇంటికో బయలుదేరేటప్పుడు బట్టలు, తినుబండారాలు, ఖాలా పిల్లలకు కానుకలు శ్రద్ధగా సర్దుకుంటాము. పుస్తకం మాట వచ్చేసరికి మన ఆలోచన రెండు దారులలోనే సాగుతుంది. సెలవుల్లోనూ పిల్లలచేత పై తరగతి పాఠాలు చదివించడం ఒకటి; వారిని ఊరకుండబెట్టడానికి ఫోను చేతికివ్వడం మరొకటి. కేవలం సంతోషం కోసం చదివే పుస్తకానికి ఈ రెండింటి నడుమ చోటు దొరకడం లేదు.

తేలికైన పుస్తకం వృథా కాలక్షేపమా?

ఈ సందేహం మన పెద్దలలో కొందరికి ఉంది. ధార్మిక గ్రంథాలు, పాఠ్యగ్రంథాలు ఉండగా నవ్వు పుట్టించే కథలెందుకని అడుగుతారు. 9వ శతాబ్దపు బస్రా పండితుడు అల్ జాహిజ్ ఈ ప్రశ్నకు తన రచనలతోనే జవాబిచ్చారు. పాఠకుడు అలసిపోకూడదని గంభీరమైన చర్చ నడుమ హాస్యాన్ని కావాలనే కలిపేవారు. పిసినారులను గురించి ఆయన రాసిన ‘కితాబుల్ బుఖలా’ నేటికీ నవ్విస్తుంది. పుస్తకాల దుకాణాలను రాత్రిపూట అద్దెకు తీసుకొని, తెల్లవార్లూ అక్కడే చదివేవారని ఆయన గురించి చెప్పుకుంటారు.

కథ వినడం మన సంప్రదాయానికి పరాయిది కానేకాదు. పదకొండు మంది స్త్రీలు ఒకచోట కూర్చొని తమ భర్తల గుణదోషాలను దాచకుండా చెప్పుకున్న ముచ్చటను హజ్రత్ ఆయిషా (రజి) వివరంగా చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దైవప్రవక్త (స) ఆ కథలోని ప్రేమగల భర్తతో తనను పోల్చుకొని ఆమెకు సంతోషం కలిగేలా మాట్లాడారు. అసభ్యతనూ పరులను కించపరిచే ఎగతాళినీ దూరంగా ఉంచితే, ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకునే పుస్తకం పట్ల వెనుకాడవలసిన పనిలేదు.

మూడు లిపుల ఇల్లు

తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ ఎంపికలో మరో అవసరం కూడా ఇమిడి ఉంది. మన ఇళ్లలో చాలాచోట్ల దాదీ ఉర్దూ చదువుతుంది. అమ్మీ తెలుగు మాధ్యమంలో చదువుకున్నది. పిల్లలది ఇంగ్లీషు మాధ్యమం. ఉర్దూ మాట్లాడతారు కాని లిపి రాదు, తెలుగును కూడబలుక్కొని చదువుతారు. ఒకే గదిలో మూడు తరాలు, మూడు లిపులు. మాటలు కలుస్తున్నాయి గనుక ఈ దూరం పైకి కనిపించదు. దాదీ కన్నుమూసిన తరువాత ఆమె పెట్టె తెరిచినప్పుడు తెలుస్తుంది. అందులోని పుస్తకాలను చదవగలిగినవారు ఇంట్లో ఉండరు. ఆబిడ్స్ పట్టాల మీది ఉర్దూ సంపుటాలలో కొన్నింటి వెనుక ఇటువంటి కథే ఉండవచ్చు.

ఈ దూరాన్ని తగ్గించే శక్తి బరువైన గ్రంథం కంటే తేలికైన పుస్తకానికే ఎక్కువ. ఒకరు పైకి చదివితే లిపి రానివారికి కూడా అది చేరుతుంది. కథ బాగుంటే పిల్లవాడు మధ్యలో లేచిపోడు. తరువాత ఏమైందని తానే అడుగుతాడు. కనుక సెలవుల పుస్తకాన్ని ఎన్నుకునేటప్పుడు ‘ఇది ఎవరు చదువుతారు’ అన్నదానితోపాటు ‘దీనిని ఎవరు ఎవరికి చదివి వినిపిస్తారు’ అని కూడా ఆలోచించాలి.

ఎవరి చేతికి ఏది?

దాదీ, దాదా చదివి వినిపించడానికి పత్రస్ బుఖారీ హాస్యవ్యాసాలు తగినవి. పరీక్షల కోసం తెల్లవారుజామున లేపమని పొరుగింటాయనను తానే కోరి, ఆ మేల్కొలుపులకు తాళలేక అవస్థపడే విద్యార్థి కథ నేటి పిల్లలకూ సులభంగా అర్థమవుతుంది. హైదరాబాదు ఉర్దూ హాస్యానికి పేరు తెచ్చిన ముజ్తబా హుస్సేన్ (1936–2020) రాసిన ‘జపాన్ చలో, జపాన్ చలో’ యాత్రాకథనం ప్రయాణంలో చదవడానికి మరీ అనువైనది.

తెలుగులో ముందుగా చెప్పవలసినది మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. నెల్లూరు యాసలో ఒక ముస్లిం పిల్లవాడు తన ఇంటి ముచ్చట్లు చెబుతాడు. పేదరికం ఉంది, దెబ్బలాటలున్నాయి, అంతకు మించిన నవ్వు ఉంది. తమ ఇంటివంటి ఇల్లు తెలుగు పుస్తకంలో కనిపించినప్పుడు మన పిల్లలకు కలిగే ఆనందం వేరు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన అమాయకుని కథ, మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ దాదాపు నూరేళ్లుగా నవ్విస్తూనే ఉంది. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ నూరు చిన్న కథలు. రైలు రెండు స్టేషన్లు దాటేలోగా ఒకటి పూర్తవుతుంది. పాత రైలుపెట్టెలే తరగతి గదులైన జపాను బడిని వర్ణించే ‘రైలుబడి’ పదేళ్లు దాటిన పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఇంగ్లీషు తప్ప మరేదీ ముట్టని పిల్లవాడికి మలయాళ రచయిత వైకం మహమ్మద్ బషీర్‌ను ఇంగ్లీషులోనే ఇవ్వండి. 1959లో వెలువడిన ఆయన ‘పాత్తుమ్మ మేక’లో ఆ మేక రచయిత రాసిన పుస్తకాలనే నమిలేస్తుంది. అమ్మ, చెల్లెళ్లు, తమ్ముళ్లు, వారి పిల్లలతో కిక్కిరిసిన కేరళ ముస్లిం ఇల్లు అది. చదివినవాడు తెలుగులోనో ఉర్దూలోనో దాదీకి ఆ కథ చెప్పకుండా ఉండలేడు.

చిన్నవారికి పంచతంత్ర కథలు. సంస్కృతంలోని ఈ కథలు పహ్లవీలోకి వెళ్లాయి. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా వాటిని అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’గా వెలయించారు. తరువాత అవి ఫారసీ, ఉర్దూ భాషలలోకి వచ్చాయి. మనవరాలు తెలుగులో చదివే సింహం, ఎద్దుల కథ దాదీ ఉర్దూలో ఎరిగినదే కావచ్చు. ఇద్దరూ పోల్చి చెప్పుకుంటే మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతుంది.

కొనేటప్పుడు గమనించవలసినవి

పట్టా దగ్గర నిలబడి మధ్యలో ఒక పుటను చిన్నగా పైకి చదివి చూడండి. నోటికి సాఫీగా వస్తే ఇంట్లో చదవడానికి పనికివస్తుంది. పాత పుస్తకమైతే చివరి పుటలు ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి. ముగింపు లేని కథ ఊరిలో అందరినీ నిరాశపరుస్తుంది. పెద్దలు చదివేదైతే అక్షరాల పరిమాణం ముఖ్యం. తలా ఒకటి, అందరికీ కలిపి ఒకటి చాలు. ఎక్కువైతే సంచి బరువే తప్ప చదువు పెరగదు. తలా ఒకటి ఎవరికి వారే ఎంచుకోవాలి. పిల్లవాడు తీసుకున్న పుస్తకం మనకు అల్పంగా తోచినా, అందులో అభ్యంతరకరమైనది లేనప్పుడు కాదనవద్దు.

కొనే వీలు లేనివారు కోఠి దాటి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన ఈ సంస్థలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు గ్రంథాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. జిల్లాలలోని వారికి తమ ఊరి శాఖా గ్రంథాలయం ఉంటుంది. ఊరికి చేరిన మరునాడే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లడం మంచి అలవాటు.

ఊరిలో అసర్ నమాజు తరువాత ఎండ తగ్గి, వాకిట్లో నీళ్లు చల్లి, మంచం వాల్చే వేళ ఒకటుంటుంది. ఈ సెలవుల్లో ఆ వేళలో అరగంటసేపు ఫోన్లను లోపల ఉంచి, ఇంట్లో ఒకరు పుస్తకం తెరవాలి. మొదటి రోజు దాదీనే చదవమనండి. ఆమె గొంతులో ఆ భాష ఎంత బాగుంటుందో పిల్లలు వింటారు. వారిలో ఒక్కరైనా ఆమె పక్కకు జరిగి, ‘ఈ అక్షరం ఏమిటి దాదీ’ అని వేలు పెట్టి అడిగితే, ఇన్షా అల్లాహ్, ఆ పెట్టెలోని పుస్తకాలు మరో తరంపాటు ఇంట్లోనే ఉంటాయి.